పాటదారు, గీతకారుడు, సరిహద్దు: నందిగామ–జగ్గయ్యపేట కల్లు దుకాణాల కుటుంబ స్మృతులు

వ్యాససంగ్రహం:
కృష్ణా జిల్లా మెట్టప్రాంతంలోని నందిగామ, జగ్గయ్యపేట పరిసర గ్రామాల్లో ఒకప్పుడు ఉన్న కల్లు దుకాణం గురించి కుటుంబాలు చెప్పుకునే జ్ఞాపకాల స్వభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దుకాణం పేరు, యజమాని పేరు ఈ జ్ఞాపకాల్లో అరుదుగా కనిపిస్తాయి. చెట్టు, చోటు, పాట, హద్దు మాత్రం స్పష్టంగా నిలిచి ఉంటాయి. ఇది మరపు వల్ల జరిగినది కాదనీ, అబ్కారీ విధానమే దుకాణానికి స్థిరమైన యజమాని లేకుండా చేసిందనీ, 1948 తరువాత మద్యనిషేధం ఆ దుకాణాన్ని తెలంగాణ హద్దు అవతలికి నెట్టిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కల్లు దుకాణం, అబ్కారీ, గీతవృత్తి, మద్యనిషేధం, నందిగామ, జగ్గయ్యపేట, మునగాల, పరిటాల, కుటుంబ స్మృతి.

ఉపోద్ఘాతం:

ఇంగ్లండులో పల్లెటూరి మద్యశాల చరిత్రను వెదికే కుటుంబానికి కొన్ని ఆధారాలు సిద్ధంగా ఉంటాయి. 1552 నాటి చట్టం ప్రకారం అక్కడ మద్యశాల నడిపేవారు స్థానిక న్యాయాధికారుల దగ్గర అనుమతి పొందవలసి వచ్చింది. అలా పుట్టిన కాగితాల్లో యజమానుల పేర్లు నమోదయ్యాయి. మద్యశాలకు ఒక పేరు, వాకిట్లో ఒక బొమ్మపలక, లోపల ఒక కుటుంబం ఉండేవి. భోజనం, బస, పానం చాలాచోట్ల ఒకే కప్పు కింద దొరికేవి. కాబట్టి మా ముత్తాత ఫలానా మద్యశాల యజమాని అని చెప్పుకోవడం అక్కడ ఒక వంశగౌరవం.

తెలుగు పల్లెలో ఈ మూడు పనులూ మూడు చోట్లకు చెందినవి. బస సత్రానిది. భోజనం పూటకూళ్ళ ఇంటిది. ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటిని వర్ణించిన క్రీడాభిరామము తెలుగు పాఠకులకు పరిచితమే. పానం కల్లుపాకది. మచిలీపట్నం నుండి హైదరాబాదు వెళ్ళే బాట నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా సాగేది. బండ్లవాళ్ళు, వర్తకులు, సిపాయిలు నడిచిన ఈ బాట మీద సత్రాలు కట్టించిన దాతల పేర్లు శిలాఫలకాల మీద చదవవచ్చు. కల్లుపాకకు శిలాఫలకం లేదు. తాటాకు కప్పు, నాలుగు నిట్రాళ్ళు, నేలలో సగం పాతిన కుండలు. రెండు వానాకాలాలు కప్పు మార్చకపోతే ఆనవాలు కూడా మిగలదు.

అయినా ఆ చోటు ప్రజల నోట మిగిలింది. చెరువుకట్ట దిగువ స్థలాన్నో, ఊరి చివరి తుమ్మచెట్టునో చూపి ‘అక్కడ కల్లు దుకాణం ఉండేది’ అనే పెద్దలు ఈ ప్రాంతంలో నేటికీ ఉన్నారు. ఎవరు నడిపేవారని అడిగితే వచ్చే జవాబు విచిత్రంగా ఉంటుంది. ఒకరు ‘సర్కారుది’ అంటారు, మరొకరు ‘పాటవాళ్ళది’ అంటారు, ఇంకొకరు గీసేవారి ఇంటిపేరు చెబుతారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారన్నది నా అభిప్రాయం.

దుకాణం ఎవరిది?

‘అబ్కారీ’ పారశీకం నుండి వచ్చిన మాట. నీరు, పని అన్న రెండు పదాలు కలిసి ఏర్పడింది. మత్తు పానీయాల మీద రాబడికి మొగలాయీల కాలం నుండి వాడుకలో ఉన్న ఈ పేరును కంపెనీ పాలన అలాగే నిలుపుకున్నది.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం వాసిరెడ్డి వారి జమీందారీలోనిది. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు బేతవోలును పెంపొందించి తన తండ్రి జగ్గయ్య పేర జగ్గయ్యపేట అని పిలిపించాడు. ఆలయాలు కట్టించాడు, పేటలు నిలిపాడు, వర్తకులను రప్పించాడు. 1816లో ఆయన మరణించిన తరువాత వారసత్వ తగాదాల్లో జమీందారీ చితికిపోయింది. స్థానిక చరిత్ర రాసేవారందరూ ఇంతవరకు చెబుతారు. మనకు ఇక్కడ కావలసినది 1802 నాటి శాశ్వత పరిష్కారంలోని ఒక చిన్న మినహాయింపు. ఆ సంవత్సరపు 25వ రెగ్యులేషను జమీందారుకు భూమి మీద హక్కును ధ్రువపరిచింది. కాని ఉప్పు, సురేకారం, సాయరు సుంకాలతో పాటు అబ్కారీ రాబడిని కూడా ఆ పరిష్కారం నుండి తప్పించి కంపెనీ తన చేతిలోనే ఉంచుకున్నది. అంటే జమీందారు ఊరికి ప్రభువే గాని ఊరి కల్లు దుకాణానికి ప్రభువు కాడు. తాటిచెట్టు అతని నేలలో నిలిచి ఉన్నా, ఆ చెట్టు నుండి దిగిన కల్లును అమ్మించే హక్కు దొరతనానిది.

1886లో వచ్చిన మద్రాసు అబ్కారీ చట్టం ఈ హక్కును మరింత బిగించింది. కొబ్బరి, తాటి, ఈత మొదలైన చెట్ల నుండి తీసిన రసం పులిసినదైనా, పులియనిదైనా ఆ చట్టం దృష్టిలో కల్లే. లొట్టిలోకి తొలి చుక్క పడినప్పుడే అది సర్కారు లెక్కలోకి వచ్చింది. గీయడానికి ఒక అనుమతి, అమ్మడానికి మరొక అనుమతి అవసరమయ్యాయి. చెట్టుపన్ను అమలైన చోట గీసే ప్రతి చెట్టుకూ సంఖ్య వేసి, ఇన్ని చెట్లకు ఇంత అని పన్ను కట్టించుకునేవారు. దుకాణం నడిపే హక్కును విడిగా వేలం వేసేవారు.

ఒక ముంత కల్లు మీద ఎందరికి హక్కు ఉన్నదో దీన్ని బట్టి ఊహించవచ్చు. చెట్టు రైతుది. అతనికి చెట్టు కిరాయి ముట్టాలి, లేదా వాడుక ప్రకారం కొంత కల్లు ముట్టాలి. చెట్టు మీది పన్ను సర్కారుది. అమ్మకపు హక్కు వేలంలో పాడుకున్న గుత్తదారుది. అనేక దుకాణాలు కలిపి పాడుకున్న గుత్తదారు ఒక్కొక్క దుకాణాన్ని కింది గుత్తకు ఇస్తే లాభంలో భాగం ఆ రెండవ మనిషిది. దుకాణంలో కూర్చుని లెక్క చూసే గుమాస్తా జీతగాడు. తెల్లవారుజామున మోకు వేసుకుని చెట్టెక్కినవాడు, మళ్ళీ సాయంత్రం ఎక్కినవాడు గీతకారుడు. ఇంతమందిలో యజమాని ఎవరు? చట్టప్రకారం సర్కారు. పత్రాల ప్రకారం గుత్తదారు. ఊరి దృష్టిలో మాత్రం, తాగేవాడికి ముంత అందించిన చేయి ఎవరిదో వారే.

ఆ చేయి చాలాచోట్ల గీతకారుని ఇంటి ఆడదానిది. ఇది పత్రాల్లో ఎక్కడా కనిపించదు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో ఈడిగ, గమళ్ళ కులాల వివరణలు ఉన్నాయి. వృత్తి, ఆచారం, పెళ్ళితంతు అన్నీ ఉన్నాయి. దుకాణంలో ఎవరు కూర్చునేవారు, అరువు ఎవరు గుర్తుంచుకునేవారు, మత్తెక్కినవాణ్ణి ఎవరు గదమాయించి ఇంటికి పంపేవారు అన్నది ఆ రకపు రచనల్లో వెదకడం వృథా. దానికి కుటుంబ స్మృతి తప్ప మరో దారి లేదు.

పాట:

తెలుగులో వేలాన్ని ‘పాట’ అంటారు, వేలంలో గెలవడాన్ని ‘పాడుకోవడం’ అంటారు. ‘ఆ యేడు దుకాణం ఫలానా వారు పాడుకున్నారు’ అన్న వాక్యంలో మొత్తం విధానం ఇమిడి ఉన్నది. పాడుకున్న హక్కు గడువు తీరగానే పోతుంది. మళ్ళీ పాట, మళ్ళీ కొత్త పేరు. ఈసారి పాడుకున్నది దూరపు ఊరి వర్తకుడు కావచ్చు, మద్యం ముట్టని ఇంటివాడు కావచ్చు, ధాన్యం వ్యాపారి కావచ్చు. అతనికి దుకాణం ఒక పెట్టుబడి. అతని మనుమలకు అది జ్ఞాపకంగా మిగలకపోవడం సహజం. ఒకవేళ మిగిలినా దాన్ని చెప్పుకోవడానికి ఇష్టపడరు. పాటలో సంపాదించిన డబ్బు పొలంగా, మేడగా మారిన తరువాత దాని మూలాన్ని ఇంటిచరిత్ర నుండి మెల్లగా తప్పించడం ఒక్క ఈ ప్రాంతానికే పరిమితమైన అలవాటు కాదు.

గీత కుటుంబాల్లో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. వారికి పాటదారు పేరు గుర్తుండదు, పాట రేటు గుర్తుంటుంది. పాట పెరిగిన యేడు చెట్లు ఎక్కువ గీయవలసి రావడం, గుత్తదారుకు బాకీ పడటం, కల్లులో నీళ్ళు కలపమని ఒత్తిడి రావడం గుర్తుంటాయి. చెట్టు మీది నుండి పడి నడుము విరిగినవారి పేర్లు మూడు తరాల వరకు చెప్పగలరు. ఒక యజమాని వంశావళికి బదులు, ఈ ఇళ్ళలో ప్రమాదాల వంశావళి ఉన్నది.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగింది. సహాయ నిరాకరణ కాలంలో కల్లు దుకాణాల వద్ద పికెటింగు, వేలంపాటల బహిష్కరణ ఉద్యమ కార్యక్రమాలయ్యాయి. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పికెటింగు మళ్ళీ వచ్చింది. దేశభక్తుల ఇళ్ళలో ఇవి గర్వకారణమైన జ్ఞాపకాలు. గీత ఇళ్ళలో అవే రోజులు అమ్మకం పడిపోయిన రోజులు. అబ్కారీ రాబడిని దెబ్బతీస్తే దొరతనం దెబ్బతింటుందన్న లెక్క సరైనదే. అయితే చెట్టుపన్ను ముందే కట్టి, దిగిన కల్లు నేలపాలు చేసుకున్నవాడి నష్టాన్ని ఆ లెక్కలో ఎవరూ కలపలేదు. స్వాతంత్ర్యోద్యమ స్థానిక చరిత్రల్లో ఈ రెండు జ్ఞాపకాలను పక్కపక్కన పెట్టి చూసినవి అరుదు.

హద్దు, హద్దులోపలి హద్దులు:

నందిగామ తాలూకాకు పడమర, ఉత్తరాల్లో నిజాం రాజ్యం. జగ్గయ్యపేట నుండి కోదాడ వైపు నాలుగడుగులు వేస్తే ప్రభుత్వం మారేది, నాణెం మారేది, కచేరీ భాష మారేది, అబ్కారీ కూడా మారేది. అటువైపు కాగితాల్లో కల్లును ‘సేంధీ’ అనేవారు. అక్కడ కూడా అమ్మకపు హక్కు సర్కారుదే, అక్కడా గుత్తదారులే. నిజాం ఖజానాకు ప్రధానమైన రాబడుల్లో అబ్కారీ ఒకటి.

ఈ హద్దు ఒక గీతలా ఉంటే కథ సులువుగా ఉండేది. దానికి రెండు ముళ్ళు ఉన్నాయి. మొదటిది పరిటాల. కంచికచర్ల దగ్గర, పూర్తిగా బ్రిటిషు కృష్ణా జిల్లా నడుమ, పరిటాలతో పాటు కొన్ని గ్రామాలు నిజాం ఏలుబడిలో ఉండేవి. ఇక్కడి వజ్రాల గనుల ఖ్యాతి వల్ల నిజాం వాటిని వదులుకోలేదని చెబుతారు. రెండవది మునగాల. అది దీనికి సరిగ్గా తిరగేసిన బొమ్మ. నాలుగువైపులా నిజాం నేల, నడుమ నందిగామ తాలూకాకు చెందిన బ్రిటిషు జమీందారీ. తెలుగు సాహిత్య చరిత్రలో మునగాలకు గొప్ప స్థానం ఉన్నది. రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపనకు కారకులయ్యారు. మునగాల రైతులు జమీందారుపై చేసిన పోరాటం కూడా ప్రసిద్ధమే. మునగాల తాటిచెట్లు మద్రాసు చట్టానికి లోబడి ఉండగా, పొలిమేర అవతలి తాటిచెట్లు హైదరాబాదు చట్టానికి లోబడి ఉండేవన్న సంగతి మాత్రం సాహిత్య చరిత్రకారుల దృష్టికి రాలేదు. రావలసిన అవసరమూ వారికి లేదేమో.

అందుచేత ఈ ప్రాంతపు ఇళ్ళలో ‘హద్దు’ అన్న మాటకు పొలం గట్టు కంటే బరువైన అర్థం ఉన్నది. పెళ్ళి సంబంధాలు హద్దు దాటేవి, జోడెడ్లు దాటేవి, కూలివాళ్ళు మిరప కోతకు, పత్తితీతకు దాటేవారు. కల్లు దాటకూడదు. దాటితే అది నేరం.

1947–48లో ఈ హద్దు యుద్ధరంగమైంది. హైదరాబాదు సంస్థాన కాంగ్రెసువారు, కమ్యూనిస్టులు కృష్ణా జిల్లా వైపు శిబిరాలు పెట్టుకుని అవతలికి వెళ్ళి వచ్చేవారు. పరిటాల ప్రజలు నిజాం ఏలుబడిని తోసిపుచ్చి స్వతంత్రం ప్రకటించుకున్నారు. కరోడ్‌గిరి నాకాల మీద దాడులు జరిగాయి. నిజాం రాబడిని దెబ్బతీయడానికి సంస్థాన కాంగ్రెసు చేపట్టిన కార్యక్రమాల్లో కల్లుచెట్లు నరకడం ఒకటి. తాటిచెట్టు గీతకు రావడానికి రెండు దశాబ్దాలు పట్టవచ్చు, నరకడానికి ఒక పూట చాలు. ఉద్యమకారుల స్మృతుల్లో ఇది సాహసకార్యం. ఆ చెట్ల కింద బతికినవారి స్మృతుల్లో దీనికి వేరే పేరు ఉండటం వింత కాదు.

1948 శరదృతువు:

1937 అక్టోబరు 1న సి. రాజగోపాలాచారి ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. ఆ తరువాత చిత్తూరు, కడప జిల్లాలకు దాన్ని విస్తరించింది. నిషేధం వల్ల పోయిన రాబడిని పూరించడానికే 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. నేటి పన్నుల విధానానికి మూలాలు వెదికేవారు కల్లుపాక దాకా రాక తప్పదు. యుద్ధకాలంలో ఆగిన నిషేధం 1946 నుండి విడతల వారీగా మళ్ళీ మొదలై, 1948 అక్టోబరు నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది.

ఆ తేదీని మరొక తేదీ పక్కన పెట్టి చూడాలి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులోకి ప్రవేశించింది. ఒక దళం విజయవాడ వైపు నుండి ఈ మెట్టప్రాంతం మీదుగానే సాగింది. 17న నిజాం లొంగిపోయాడు. శతాబ్దిన్నర కాలం ఈ ఊళ్ళను విడదీసిన రాజకీయ సరిహద్దు ఐదు రోజుల్లో కూలిపోయింది. అదే శరదృతువులో, అదే గీత మీద, మద్య సరిహద్దు సంపూర్ణమైంది. ఇటువైపు ముంత కల్లు తాగినా నేరం, అటువైపు దుకాణాలు యథాప్రకారం సాగాయి.

కుటుంబ స్మృతుల్లోని ఒక చిక్కుముడి ఇక్కడ విడిపోతుందని నా నమ్మకం. కల్లు దుకాణం ఎప్పుడు మూతపడిందని అడిగితే సరిహద్దు గ్రామాల వృద్ధులు తరచుగా ‘రజాకార్ల గొడవప్పుడు’ అంటారు. పత్రాలు చదివినవారు దీన్ని పొరపాటుగా కొట్టివేయవచ్చు. మూసినది రజాకార్లు కాదు, మద్రాసు ప్రభుత్వం. కాని రెండు సంఘటనలూ దాదాపు ఒకే కాలంలో జరిగినప్పుడు జ్ఞాపకం వాటిని ఒకే పేరుతో గుర్తుంచుకుంటుంది. కారణం తప్పు, కాలం ఒప్పు. మౌఖిక ఆధారాలను వాడేటప్పుడు ఈ తేడాను పాటిస్తే పారవేయవలసినవి చాలా తగ్గుతాయి.

మూతపడిన తరువాత గీత ఇళ్ళు ఏం చేశాయి? ప్రభుత్వం తాటిబెల్లం తయారీని ప్రత్యామ్నాయంగా చూపింది, సహకార సంఘాలు పెట్టించింది. లొట్టి లోపల సున్నం పూసి పులియకుండా దించిన రసాన్ని కాచి బెల్లం చేయాలి. ఆ ఆలోచనలో లోపం లేదు. దానికి కావలసిన వంటచెరకు ఈ మెట్టలో ఎక్కడిది? జొన్నచొప్ప పశువులకే చాలని చోట గంటల తరబడి రసం కాచడం గిట్టుబాటు కాదు. కొందరు వ్యవసాయ కూలీలయ్యారు. కొందరు మోకు భుజాన వేసుకుని హద్దు దాటారు. అవతలి ఊరి గుత్తదారు కింద, అవతలి చెట్లు గీశారు. కొందరు ఇంటి వెనుకే దొంగచాటుగా గీశారు, కాచారు, జైలుకు వెళ్ళారు. ఈ మూడవ సంగతి ఇంటి పెద్దలు మనుమల ముందు చెప్పరు.

తాగేవారు కూడా హద్దు దాటారు. కృష్ణా జిల్లా ఊరి కల్లు దుకాణం అప్పటి నుండి కృష్ణా జిల్లాలో లేదు. అది మధిర వైపో, కోదాడ వైపో మొదటి ఊళ్ళో ఉన్నది. ‘మా ఊరి దుకాణం’ అని చెప్పుకునే జ్ఞాపకాల్లో కొన్ని నిజానికి పొరుగు ఊరి దుకాణానివని గ్రహిస్తే, ఒకే ఊరికి రెండు మూడు స్థలాలు చూపించడంలోని అయోమయం తొలగుతుంది.

రెండు చట్టాల రాష్ట్రం:

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రం మద్యనిషేధాన్ని మద్రాసు నుండి వారసత్వంగా పొందింది. ఖజానా మాత్రం ఖాళీగా వచ్చింది. నిషేధం పనితీరును పరిశీలించడానికి నియమించిన ఎస్.వి. రామమూర్తి సంఘం దాన్ని ఎత్తివేయాలని సిఫారసు చేసింది. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించారు. ప్రకాశం ప్రభుత్వం సిఫారసును అమలు చేయలేదు. 1954 నవంబరు 6న ఈ ప్రశ్న మీదే అవిశ్వాస తీర్మానం నెగ్గి, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఆంధ్రకేసరి పదవి పోవడానికి కల్లు కారణమన్న మాట ఈ జిల్లాలో ఇప్పటికీ హాస్యంగా వినిపిస్తుంది. అందులో హాస్యం కంటే చరిత్రే ఎక్కువ.

1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం తెలంగాణ ఆర్థికస్థితిని వివరిస్తూ, ఏటా సుమారు 5 కోట్ల రూపాయల ఎక్సైజ్ రాబడిని ఆ ప్రాంతపు మెరుగైన స్థితికి ఒక ముఖ్య కారణంగా పేర్కొన్నది. ఆంధ్ర నిషేధంలో వదులుకున్న రాబడి, తెలంగాణ నిలుపుకున్న రాబడి ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. 1956 ఫిబ్రవరిలో జరిగిన పెద్దమనుషుల ఒప్పందంలో మద్యనిషేధానికి ఒక నిబంధన కేటాయించారంటే ఆశ్చర్యపడనక్కర లేదు. తెలంగాణలో నిషేధాన్ని ఆ ప్రాంత శాసనసభ్యుల నిర్ణయం ప్రకారమే అమలు చేయాలని అందులో ఉన్నది. రాష్ట్రం ఒకటైంది గాని ముంత ఒకటి కాలేదు.

ఫలితంగా 1956 తరువాత కూడా, ఒకే ముఖ్యమంత్రి, ఒకే శాసనసభ, ఒకే బస్సు సంస్థ ఉన్న కాలంలో, జగ్గయ్యపేటలో నేరమైనది కోదాడలో వ్యాపారం. మునగాల 1959లో నల్గొండ జిల్లాలో కలిసేవరకు కృష్ణా జిల్లా భాగంగానే ఉండి, కల్లు సముద్రం నడుమ ఎండిన ద్వీపంలా కాలం గడిపింది. 1960ల చివర ఆంధ్ర ప్రాంతంలో నిషేధం సడలింది. 1968లో వచ్చిన ఎక్సైజ్ చట్టం రెండు ప్రాంతాలనూ ఒకే విధానం కిందికి తెచ్చింది. ఇరవై ఏళ్ళ తరువాత దుకాణం ఊళ్ళోకి తిరిగి వచ్చింది.

తిరిగి వచ్చినది పాత దుకాణం కాదు. ఇరవై ఏళ్ళలో ఒక తరం చెట్టెక్కడం నేర్చుకోలేదు. పొలంగట్ల తాళ్ళు ఇంటి దూలాలయ్యాయి, ఇటుకబట్టీలకు వెళ్ళాయి. సాగర్ ఎడమకాలువ నీళ్ళు వచ్చాక గట్టు మీది చెట్టు నీడ కూడా రైతుకు బరువైంది. ఆ కాలువ కోసం పాటుపడిన ముక్త్యాల రాజా ఈ ప్రాంతపు వాసిరెడ్డి వంశీకుడే. ఆయన తెచ్చిన నీళ్ళు మెట్టను మాగాణిగా మార్చిన కథ అందరికీ తెలుసు. తాటితోపు తగ్గిన కథ దాని వెనుక పేజీ.

సారా కాలం:

ఖాళీ అయిన చోటులోకి సారా వచ్చింది. సారాకు చెట్టు అక్కరలేదు, ఋతువు అక్కరలేదు, ఎక్కేవాడు అక్కరలేదు. తాటికల్లు ప్రధానంగా వేసవి పంట, ఈతకల్లు చలికాలపు పంట. వానాకాలంలో రెండూ పలుచబడేవి. కాబట్టి కల్లు దుకాణానికి సహజంగానే సెలవులు ఉండేవి. సారాకొట్టుకు సెలవు లేదు. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను పొట్లాల్లో పంపిణీ చేసింది. పాటలు లక్షలకు చేరాయి. పాత కల్లు గుత్తదారు ఊరి వ్యాపారి అయితే, సారా గుత్తదారు తాలూకా రాజకీయాలను నడిపించగలవాడు. కుటుంబ స్మృతిలో ఇతని పేరు తప్పక ఉంటుంది, కాని మెల్లగా, తలుపు వేసి చెబుతారు.

ఆడవాళ్ళ జ్ఞాపకం ఇక్కడ వేరుపడుతుంది. కల్లుపాక గురించి అడిగితే వృద్ధ స్త్రీలు కొంత ఓర్పుతో, ఒక్కొక్కప్పుడు చిరునవ్వుతో మాట్లాడతారు. సారాకొట్టు గురించి అడిగితే తాకట్టు పెట్టిన పుస్తె, ఇంట్లో మాయమైన గింజలు, దెబ్బలు వస్తాయి. పాత కల్లు దుకాణాన్ని తీయగా తలచుకోవడంలో సారా మీది కోపం పాలు ఎంతో ఉన్నది. ఆ కోపాన్ని మినహాయించకుండా కల్లుపాకను పల్లె సౌభ్రాతృత్వానికి చిహ్నంగా రాయడం సరికాదు. పాకలోనూ ఎడం ఉండేది. ఎవరు లోపల కూర్చోవాలో, ఎవరు బయట ఎడంగా దోసిట్లోనో, తాటాకు దొన్నెలోనో పోయించుకోవాలో కులం నిర్ణయించేది. దళిత కుటుంబాల స్మృతుల్లో దుకాణం గురించి మొదట వచ్చేది ఈ ఎడమే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం ఈ జిల్లాకూ పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో పోయింది. అప్పుడు తెలంగాణ కూడా అదే నిషేధం కింద ఉన్నందున జగ్గయ్యపేట హద్దుకు పని లేకపోయింది.

పాట నుండి లాటరీకి:

2014లో రాష్ట్రం విడిపోగానే పాత గీత మళ్ళీ తేలింది. 2019 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలు బాగా పెరిగి, తెలిసిన రకాలు దొరకకుండా పోయినప్పుడు, జగ్గయ్యపేట మండలంలోని గరికపాడు తనిఖీ కేంద్రం రోజువారీ వార్త అయింది. బండి డిక్కీల్లో, కూరగాయల బుట్టల్లో సీసాలు పట్టుబడ్డాయి. తెలంగాణ వైపు మొదటి ఊరి దుకాణం ఆంధ్ర ఊరి దుకాణంగా పనిచేయడం ఈ ప్రాంతంలో ఇది రెండవసారి అని ఆ వార్తలు రాసినవారికి తట్టలేదు. 1950లలో హద్దు దాటినవారి మనుమలు అదే బాట పట్టారు. అప్పుడు ముంత, ఇప్పుడు సీసా.

కల్లు విషయంలో పాట విధానం కొంతకాలం క్రితమే వెనక్కి తగ్గింది. గీత కార్మికుల సహకార సంఘాలకు, గీసేవారికి వ్యక్తిగతంగా చెట్లు కేటాయించే పద్ధతి వచ్చింది. నందిగామ, జగ్గయ్యపేట 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం దుకాణాలను తిరిగి ప్రైవేటు వారికి లాటరీ ద్వారా ఇచ్చి, ఆపై 10 శాతం దుకాణాలను గీత కులాలకు కేటాయించింది. తెలంగాణలో గౌడ కులస్థులకు 15 శాతం కేటాయింపు 2021 నుండే ఉన్నది. కొత్తగా దుకాణం వచ్చిన గీత ఇంటివారికి మోకు పట్టడం తెలియకపోవచ్చు, వారు అమ్మేది చెట్టు నుండి దిగినది కూడా కాదు. అయితే 1886 చట్టం నుండి నేటి వరకు చెట్టు పన్ను చీటీల మీద మాత్రమే కనిపించిన ఇంటిపేర్లు ఇప్పుడు దుకాణం లైసెన్సు మీద, యజమాని పేరు రాసే గడిలో అచ్చవుతున్నాయి. గడువు రెండేళ్ళు.